పెద్ద రోడ్డు మీద యాదమ్మక్క

మేము తిరిగి వచ్చేసరికి కథ మాకంటే ముందే ఊర్లోకి వచ్చి కూసున్నది. యాదమ్మక్క లారీ కింద పడ్డదని ఒకరు, కొడుకు ఆమె సైకిల్ విరగ్గొట్టిండని ఒకరు, పోలీసులు మమ్మల్ని ఆపి వెనుకకు పంపిన్రని ఇంకొకరు. సాయంత్రం బడికి వచ్చేటోళ్లు పలకలు పక్కకు పెట్టి నన్నే అడుగుడు మొదలుపెట్టిన్రు. యాదమ్మక్క మాతోని తిరిగి రాలేదు కదా, అందుకే ఎవరికి తోచింది వాళ్లు అల్లుకున్నరు. ఒక్కొక్కరికి చెప్పే బదులు రాసి పెడుతున్న. చదువు వచ్చినోళ్లు చదువుకోండ్రి, ఇంకా రానోళ్లకు చదివి వినిపించుండ్రి.

మొదలే చెప్తున్న. యాదమ్మక్క పడ్డ మాట నిజం. లారీ కింద కాదు, నీళ్ల క్యాన్ల మీద.

మేము యాత్రకు పోయింది ఎందుకో మీకు తెలుసు. నడి వయసు దాటినంక అక్షరాలు దిద్దినోళ్లం, ఇంకా ఆలస్యంగా సైకిల్ నేర్చినోళ్లం. నారాయణఖేడ్ దిక్కు నుంచి బయలుదేరి, ఊరూరు తిరిగి, "మేము నేర్చినం, మీకెందుకు రాదు" అని ఆడోళ్లకు చెప్పాలనేది మా సరిత టీచర్ ఆలోచన. రెండు వారాలు లోపలి రోడ్ల మీదనే తిరిగినం. ఆఖరి రోజు మాత్రం పోతిరెడ్డిపల్లి నుంచి కొల్లూరు దాకా పోవాలె, అంటే సంగారెడ్డి, పటాన్‌చెరు నడుమ లారీలు తిరిగే పెద్ద రోడ్డు ఎక్కక తప్పదు.

మా గుంపుకు ఒక పద్ధతి ఉండె. అందరికంటే మెల్లగా తొక్కేటామె అందరికంటే ముందు పోవాలె. వెనుక ఉంటే ఆమె వెనుకనే పడిపోతది, ఎవరూ చూడరు. ముందుంటే ఆమె నడకే అందరి నడక. అందరి వెనుక మా మూటలు మోసే ట్రాలీ ఆటో వస్తుండె. మా ముందు రెండు వారాలూ యాదమ్మక్కనే ఉన్నది. నేను ఆమె వెనుక చక్రానికి నా ముందు చక్రం తగలకుంట తొక్కుకుంట వచ్చిన. అందుకే ఆమె సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలువదు.

పోతిరెడ్డిపల్లి

ముందు రోజు రాత్రి ఒక కొత్త ఇంటి పై అంతస్తులో పండుకున్నం. ఆ కాలనీలో ఇండ్లన్నీ కొత్తవే. మా దిక్కు కొత్త మనిషి వీధిలోకి వస్తే నలుగురు వచ్చి ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడుగుతరు. ఇక్కడ ఎదురింటి ఆమె పేరు కూడా తెలువదన్నది మాకు జాగ ఇచ్చిన ఇల్లాలు. మేము వచ్చినమని చూడ్డానికి ఎదురింటి ఆమె వచ్చింది. అట్ల మా ముందరే వాళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు అడుక్కున్నరు.

పొద్దున ఉప్మా పెట్టిన్రు. మెత్తగా, తెల్లగా, జీడిపప్పు వేసి చేసిన్రు. జొన్నరొట్టె మీద బతికే కడుపులకు అది ఎంతసేపు ఆగుతదని మేము కండ్లతోనే మాట్లాడుకున్నం. వాళ్లకు మా మొకాలు అర్థమైనయో ఏమో, పులిహోర కూడా డబ్బాలల్ల కట్టి ఇచ్చిన్రు.

ఆఖరి రోజు కదా అని ఆ ఇంటోళ్లు పసుపు, కుంకుమ, పూలు, గిన్నెలో నూనె తెచ్చి సైకిళ్లకు పూజ చేసుకోండ్రి అన్నరు. మేమందరం హ్యాండిల్‌కు బొట్టు పెట్టి, ఒక పువ్వు చెక్కి, గొలుసు మీద నాలుగు నూనె చుక్కలు వేసి లేచినం. యాదమ్మక్క లేవలేదు. పాత గుడ్డ నూనెలో ముంచుకొని సైకిల్ మొత్తం తుడుచుకుంట కూసున్నది. పెండ్లి పిల్లకు నలుగు పెట్టినట్టు ఒక్కొక్క పుల్లకు, చక్రం చుట్టూ ఉండే ఇనుప కట్టుకు, ఎక్కడా ఇడువకుంట రాసింది. వాళ్ల నాయినకు ఎడ్లబండి ఉండె. పండుగ వచ్చిందంటే చక్రాలు కడిగి, కట్టె పగలకుంట ఆముదం పట్టిస్తుండెనట.

"మా నాయిన ఉంటే దీన్ని కూడా గిట్లనే మెరిపిస్తుండె, సూడు సత్తెమ్మా" అన్నది. నిజంగానే మెరుస్తున్నది. బాగున్నదన్న నేను.

అప్పుడే సరిత టీచర్ ఫోన్ మోగింది. యాదమ్మక్క కొడుకు మల్లేష్. అవతల మనిషి గట్టిగా మాట్లాడుతుంటే మాకందరికీ వినబడుతున్నది.

"టీచరమ్మా, ఊర్ల రోడ్ల మీద తిరిగిన్రు, నేనేమన్న అన్ననా? ఇయ్యాల మాత్రం మా అమ్మను ట్రాలీ ఎక్కించుండ్రి. హైవే మీద వద్దు. మీకు దండం పెడుత."

టీచర్ చూస్తనన్నది. యాదమ్మక్క గుడ్డ పిండుకుంట, "వాడు రోజూ గా రోడ్డు మీదనే బస్సు నడుపుతడు. నేనెన్నడన్న వాణ్ని ట్రాలీ ఎక్కుమన్ననా?" అన్నది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. మాకు అది యాత్రలో ఆఖరి రోజు, అంతే. యాదమ్మక్కకు అట్ల కాదు. ఆమె ఊర్లో ఇల్లు కూలిపోయింది. ఇగ కొల్లూరులో, డబుల్ బెడ్రూం ఇండ్ల కాలనీలో, తొమ్మిదో అంతస్తులో కొడుకు కోడలి దగ్గర ఉండాలె. కొల్లూరుకు అవతల బిస్కట్లు ప్యాక్ చేసే ఒక కంపెనీలో ఆమెకు పని కుదిరింది. సోమవారం నుంచి రమ్మన్నరు. సైకిల్ మీద పోయి వస్తనని ఆమె, ఆ రోడ్డు మీద సైకిల్ ముచ్చటే వద్దని కొడుకు. మల్లేష్ నడిపేది వేరే కంపెనీ స్టాఫ్ బస్సు. ఆ తొవ్వలనే పోతది కానీ బయటోళ్లను ఎక్కించుకోనియ్యరు. మంచిగా కొల్లూరు చేరితే పెద్ద రోడ్డు మీద కూడా తొక్కగలనని కొడుకుకు చూపించొచ్చని ఆమె ఆశ. ఆమె పని, ఆమె బయటికి వచ్చే తొవ్వ, అంతా ఆ ఒక్క దినం మీదనే ఉన్నది.

రుద్రారం

కంది దాటినంక రోడ్డు వెడల్పయింది. లారీ పక్క నుంచి పోయిందంటే గాలికి సైకిల్ ఇటు ఊగుతది, ఇంకొకటి పోతే అటు ఊగుతది. మేము తెల్ల గీతకు ఇవతల, ఒకరి వెనుక ఒకరం. ఎవరూ మాట్లాడలేదు. రెండు వారాలు నోరు మూయని మా గుంపు అది.

రుద్రారంలో చాయ్‌కి ఆగినం. అక్కడ యూనివర్సిటీ ఉన్నది, ఎటు చూసినా పిల్లలే. చాయ్ పదిహేను రూపాయలు, గ్లాసేమో మా బొటనవేలంత. పక్కనే జొన్నచేను, దాని పక్కన అద్దాల హాస్టల్. ఒక పిల్ల, ఖమ్మం నుంచి వచ్చి చదువుకుంటున్నదట, మాతో ఫొటో దిగింది.

"ఆంటీ, మీరు రోజూ ఎంతసేపు తొక్కుతారు? వెయిట్ తగ్గడానికా?" అని అడిగింది.

యాదమ్మక్క తనను తాను కింది నుంచి మీది దాకా చూసుకున్నది. "ఇంకా తగ్గితే గాలికి కొట్టుకపోతనేమో బిడ్డా" అన్నది. ఆ పిల్ల నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నది. మా చాయ్ పైసలు తనే ఇస్తనని పట్టుబట్టింది, మేము ఇయ్యనియ్యలేదు.

అక్కడ ఆగినప్పుడే బ్రేకు సంగతి తెలవాల్సింది. తెలువలేదు. యాదమ్మక్కకు బ్రేకు పట్టే అలవాటు తక్కువ. మెల్లగా తొక్కుతది, ఆగాల్నంటే చెప్పులు నేలకు రాసి ఆగుతది. చదును రోడ్డు మీద అది నడిచింది.

ఇస్నాపూర్

ఇస్నాపూర్ చౌరస్తా మన అంగడి లెక్క ఉంటది, కాకుంటే రోజూ అంగడే. బిహార్, ఒడిశా, బెంగాల్, ఎక్కడెక్కడి మనుషులో. షిఫ్టు దిగినోళ్లు, షిఫ్టుకు పోయేటోళ్లు, ఇద్దరికీ ఒకటే రోడ్డు. గాలిలో మందుల వాసన. మా వాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నరు, అక్కడి మనుషులేమో ఆ గాలిలోనే మిర్చి బజ్జీలు తింటున్నరు.

చౌరస్తాకు ముందు రోడ్డు కొంచెం దిగుడున్నది. యాదమ్మక్క సైకిల్ ఎన్నడూ లేనంత జోరందుకున్నది. "అక్కా, మెల్లగా" అని నేను ఒర్లిన. అదే సమయానికి ముందు పోతున్న షేర్ ఆటో ఎవరినో ఎక్కించుకుందామని టక్కున ఆగింది. యాదమ్మక్క రెండు బ్రేకులూ గట్టిగా పట్టుడు నేను చూసిన. సైకిల్ ఆగలేదు. కుడి దిక్కు టిప్పర్ వస్తున్నది. ఆమె ఎడమకు తిప్పింది. అక్కడొక దుకాణం ముందర ఖాళీ నీళ్ల క్యాన్లు మనిషెత్తు పేర్చి ఉన్నయి. సక్కగా పోయి వాటిల్ల దూరింది.

ఆ చప్పుడుకు చౌరస్తా మొత్తం తిరిగి చూసింది. క్యాన్లు డప్పులు కొట్టినట్టు మోగుకుంట రోడ్డు మీదికి దొర్లినయి. దుకాణపాయన ఉరికొచ్చి, "ఎవలు, ఎవల్రా?" అని అరిచి, క్యాన్ల కింద నుంచి తెల్ల జుట్టు కనబడంగనే ఆగిపోయిండు.

"ఓ పెద్దమ్మా! పానం గట్టిదే నీది. అవి ఖాళీవి కాబట్టి బతికినవ్, నిండుగుంటే నా పాపానికి పోతుంటివి."

మోచేయి దోక్కపోయి రక్తం కారుతున్నది. వేరే దెబ్బలేమీ లేవు. ఆయనే కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చిండు. మేమందరం రోడ్డు మీద దొర్లిన క్యాన్లు ఏరి తెచ్చినం. యాదమ్మక్క రెండు చేతులు ఒళ్ళో పెట్టుకొని ఒకదానితో ఒకటి పట్టుకున్నది.

నేను సైకిల్ లేపి చక్రం ముట్టిన. వేలు జర్రున జారింది. వాసన చూస్తే పల్లి నూనె. ఇనుప కట్టు నిండా నూనె ఉంటే బ్రేకు రబ్బరు దేన్ని పట్టుకుంటది?

"అక్కా, చక్రానికి నూనె పెట్టినవు గద!"

సరిత టీచర్ వచ్చి తనూ ముట్టింది. నెత్తికి చేయి పెట్టుకున్నది. మాకు భయం పోయి నవ్వొచ్చింది, నవ్వితే ఆమె ఏమనుకుంటదోనని ఆపుకున్నం. యాదమ్మక్కకు మాత్రం కోపం వచ్చింది.

"ఎందుకు పెట్టొద్దు? అది నన్ను రెండు వారాలు మోసింది. ఒక్కనాడన్న దానికింత నూనె రాయొద్దా?"

పక్కనే ఒడిశా ఆమె నడిపే టిఫిన్ బండి ఉన్నది. పేరు మమత. గిన్నెలు కడిగేది కడిగినట్టే ఇడిసి వచ్చి మమ్మల్ని చూస్తున్నది. చక్రం మీద చేయి పెట్టి, "అరే దీదీ, తేల్!" అని నవ్వి, సైకిల్‌ను గిన్నెలు కడిగే కాడికి నూకుకుంట తీసుకపోయింది. సర్ఫు, ఇనుప పీచు తీసుకొని బజ్జీల కడాయి తోమినట్టు చక్రాన్ని తోముడు పెట్టింది. నేను బ్రేకు రబ్బర్లు ఊడబీకి గరుకు గచ్చు మీద రుద్దిన. తెలుగు కొంచెం, హిందీ కొంచెం కలిపి మాట్లాడుకున్నం. వాళ్ల ఊర్లో పదో తరగతి చదివిందట. కానీ ఇక్కడి రాత ఆమెకు తెలువదు. ఆమె బండి వెనుక గోడ మీద ఏమో రాసి ఉన్నది, మూడేండ్ల నుంచి అదేందోనని చూస్తున్నదట. "క్యా లిఖా హై?" అని అడిగింది. నేను వేలు పెట్టి కూడబలుక్కుంట చదివిన. ఇచ్చట మూత్రము పోయరాదు అని ఉన్నది. అర్థం చెప్పేసరికి ఇద్దరం గోడకు ఆనుకొని నవ్వినం. పదో తరగతి ఆమెకు నేను చదివి చెప్పిన అని మీకు గొప్పకు చెప్తలేను. ఎవరి రాత వాళ్ల ఊర్లోనే పనికొస్తదని ఆ దినం తెలిసింది.

మేము తిరిగి వచ్చేసరికి సరిత టీచర్ యాదమ్మక్క ముందర కూసోని బతిమాలుతున్నది.

"ఇగ చాలక్కా. ట్రాలీ ఎక్కు. ఇంకేమన్న అయితే మల్లేష్‌కు నేనేం జవాబు చెప్పాలె?"

యాదమ్మక్క మోచేతికి కట్టిన గుడ్డనే చూస్తున్నది.

"నాకు భయమైంది టీచరమ్మా. కాలేదంటలేను. కానీ ఇయ్యాల నేను ట్రాలీల పోయి దిగితే వాడు ఒక్కటే మాట అంటడు. 'నేను ముందే చెప్పిన గదనే' అంటడు. ఇగ సైకిల్ ముట్టనియ్యడు. వాళ్లిద్దరూ డ్యూటీకి పోతే నేను తొమ్మిదో అంతస్తుల కూసోని కింద పోయేటోళ్ల నెత్తులు సూసుకుంట ఉండాలె. గా భయం కన్నా ఈ భయం నయం."

ట్రాలీ నడిపే యాకూబ్ అప్పటిదాకా బీడీ తాగుకుంట దూరం నిలబడ్డడు. "మేడం, బండిల జాగ గిట్ల కూడా లేదు, అన్నీ మూటలే" అన్నడు. జాగ ఉన్నదని మాకందరికీ తెలుసు.

టీచర్‌కు మనసు ఒప్పలేదు. చివరికి ఒక మాట మీదికి వచ్చింది. ముందు బ్రేకు చూడాలె. ముత్తంగి రింగ్ రోడ్డు కింద ఎవ్వరూ తొక్కొద్దు, అందరం దిగి నూకుకుంట దాటాలె. యాదమ్మక్క సైకిల్ ఎక్కి నాలుగడుగులు తొక్కి బ్రేకు పట్టింది. కీచుమని అరుచుకుంట ఆగింది. మమత చప్పట్లు కొట్టింది. ఆమెకు ఏమన్న ఇద్దామంటే ఒద్దని, తలా రెండు ఇడ్లీలు పొట్లం కట్టింది. మేము మా పులిహోర డబ్బా ఒకటి ఆమెకిచ్చినం.

ముత్తంగి

రింగ్ రోడ్డు కింద దారులన్నీ ఒక్క కాడికి వస్తయి. సైకిళ్లు నూకుకుంట వరుసగా నిలబడ్డం. ఒక హోంగార్డు మమ్మల్ని, మా హ్యాండిళ్ల మీది పూలను చూసి, ఏ జాతరకు పోతున్నమనుకున్నడో, చేయి అడ్డం పెట్టి లారీలను ఆపిండు. అంత పెద్ద లారీలు మా కోసం ఆగుతయా అని మేమే నిలబడి చూస్తున్నం. "జల్దీ నడువుండ్రి అమ్మా!" అని ఆయన కసిరినంక కదిలినం.

అవతల సర్వీస్ రోడ్డు. వేరే లోకానికి వచ్చినట్టున్నది. పక్కన ఎత్తు మీద కార్లు గాలి లెక్క పోతుంటయి, కింద మా రోడ్డు మీద మేకల మంద. నీడకు కూసోని ఇడ్లీలు, పులిహోర తిన్నం. మా వాళ్లలో ఒకామె యాదమ్మక్కకు కొంగు భుజం మీదుగా కప్పి, "గిట్ల కప్పుకో అక్కా, దెబ్బ కనబడది. మల్లేష్‌కు చెప్పకుంటే ఏమైతది?" అన్నది. ఇంకో ఇద్దరు కూడా అదే మంచిదన్నరు. నాకూ అట్లనే అనిపించింది.

"చెప్పకపోతే మాత్రం? పొద్దుగాల తానం చేసేటప్పుడు కోడలు సూడదా?" అన్నది యాదమ్మక్క. కొంగు మాత్రం తీసెయ్యలేదు.

అక్కడి నుంచి కొల్లూరు దాకా ఆమె ఒక్కసారి కూడా చెప్పులు నేలకు రాయలేదు. గుంత వచ్చినా, మేక అడ్డం వచ్చినా బ్రేకే పట్టింది. ప్రతిసారీ కీచుమనేది. వెనుక మాకు చెవులు నొచ్చినయి కానీ ఎవరమూ ఏమనలేదు.

కొల్లూరు

ఆ కాలనీ చూస్తే కండ్లు తిరుగుతయి. ఒక్క బిల్డింగుకు ఉన్నన్ని కిటికీలు మన ఊరు మొత్తానికి లేవు. అసుంటి బిల్డింగులు వరుసగా పోతనే ఉంటయి. పట్నం బస్తీల నుంచి వచ్చిన ఆడోళ్లు కింద మీటింగ్ కోసం చాపలు పరిచి కూసున్నరు. పిల్లలు మా సైకిళ్ల వెంట ఉరికొచ్చిన్రు.

గేటు లోపల తెల్ల బస్సు ఆగి ఉన్నది. దాని ముందర ఖాకీ చొక్కాతో మల్లేష్. తల్లి అందరికంటే ముందు సైకిల్ మీద వచ్చుడు చూసి టీచర్ దిక్కు తిరిగిండు.

"నేను చెప్పిన గద, టీచరమ్మా."

టీచర్ ఏదో అనబోయింది. యాదమ్మక్కే దిగి, స్టాండ్ వేసి, కొంగు తీసి మోచేయి చూపించింది.

"ఇస్నాపూర్ కాడ పడ్డ. టీచరమ్మది తప్పు లేదు, ఆమె ఎక్కుమనే అన్నది. చక్రాలకు నూనె పెట్టిన, బ్రేకు పడలే."

నేను ఆయన అరుస్తడనుకున్న. అరవలేదు. తల్లి చేయి పట్టుకొని, కట్టు విప్పి, దెబ్బను చూసి మళ్ల కట్టిండు.

"అమ్మా, నేను జిద్దుకు అంటలేనే" అన్నడు. "బస్సుల నా సీటు కాడ కూసుంటే ఎడమ దిక్కు డోర్ పక్కన కింద ఏముందో కనబడదు. సైకిల్ ఉన్నా కనబడదు, మనిషున్నా కనబడదు. రోజూ ఆ రోడ్డు మీద తిప్పేటప్పుడు నా పానం పానంల ఉండదు. ఇగ గక్కడ నువ్వున్నవేమో అనుకుంట ఎట్ల నడపాలె చెప్పు?"

ఆయన మాటలో తప్పు లేదు మరి. సైకిల్ కొల్లూరు చేరినా యాదమ్మక్క పని పోయిందనుకున్న నేను.

యాదమ్మక్క బస్సు దిక్కు చూసింది. ఆ డోర్ దిక్కు చూసింది.

"మరి ఎక్కడుంటే కనబడుతదో చెప్పు. గక్కడుంట."

మల్లేష్ పోయి బస్సు డోర్ తీసిండు. "ఎక్కు" అన్నడు. తల్లిని చెయ్యి పట్టి ఎక్కించి, డ్రైవర్ సీట్లో కూసోబెట్టి, ఇంజన్ తాళం జేబులో వేసుకొని దిగిండు. ఆమె కాళ్లు కిందికి అందలేదు. స్టీరింగ్ పట్టుకొని, ముందు అద్దంలో నుంచి బయటికి చూసుకుంట, పిల్ల లెక్క కూసున్నది. మల్లేష్ ఆమె లేడీస్ సైకిల్ తీసి ఎక్కిండు. మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నయి. బస్సుకు ఎడమ దిక్కు డోర్ పక్కకు వచ్చి ఆగిండు.

"కనబడుతున్ననా?"

"ఏడున్నవ్‌రా?"

"గిక్కడనే ఉన్న, నీ పక్కన్నే!"

"లేవు" అన్నది యాదమ్మక్క. సీట్లో నుంచి లేచి ఒంగి చూసింది. చేయి హారన్ మీద పడ్డది. ఆ చప్పుడుకు తొమ్మిదంతస్తుల కిటికీలల్ల తలకాయలు బయటికి వచ్చినయి. మేము నవ్వినం. ఆమె నవ్వలేదు. ఆమె మొకం తెల్లబోయింది. తన కొడుకు చేయి చాపితే అందేంత దూరంలో ఉండి కనబడకపోవుడు ఆమెకు అప్పుడు తెలిసింది.

మల్లేష్ ఒక్కొక్క అడుగు వెనుకకు నూకుకుంట పోయిండు. ప్రతి అడుగుకూ "ఇప్పుడు?" అంటడు. "లేవు" అంటది. బస్సు వెనుక మూల దాటి, ఇంకా కొంచెం వెనుకకు పోయినంక ఆమె ఎడమ దిక్కు అద్దం మీద వేలు పెట్టింది.

"ఇగో! దొరికినవ్. నీ మొకం కనబడుతున్నది."

"నాకు నీ మొకం కనబడుతున్నది" అన్నడు మల్లేష్. "గదే లెక్క యాద్ పెట్టుకో. ఏ బండి అద్దంలనన్న డ్రైవర్ మొకం నీకు కనబడితేనే నువ్వు వానికి కనబడుతవ్. లేకుంటే దిగి నిలబడు, బండిని పోనియ్యి. సోమారం పొద్దుగాల నా బస్సు ఎనుకనే రావాలె. నువ్వు అద్దంల కనబడకపోతే బస్సు ఆపుత. బస్సుల నలభై మందీ నిన్నే తిడుతరు."

యాదమ్మక్క అద్దంలో నుంచే కొడుకును చూసుకుంట అన్నది.

"తిట్టనియ్యి."